నలుగురు చెప్పిన ఒక్క రాత్రి

ప్రశ్న: నేనొక నవలిక రాస్తున్నాను. ఒక ఇంట్లో అర్ధరాత్రి దాటాక ఒక పెద్దావిడ మెట్ల మీంచి పడి చనిపోతుంది. ఆ రాత్రి ఇంట్లో నలుగురున్నారు: పెద్దకొడుకు, కోడలు, చూడటానికొచ్చిన కూతురు, ఆవిడ మంచీచెడ్డా చూసుకునే ఆయా. నలుగురూ అదే రాత్రిని, భోజనం దగ్గర్నుంచి శవం దాకా, నాలుగు రకాలుగా చెబుతారు. ఆయాది ఆఖరి అధ్యాయం. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన ఉండదు. ఇద్దరు స్నేహితులకి చదవడానికిచ్చాను. ఒకరు ‘నలుగురిదీ ఒకే గొంతు, మూడోసారికే విసుగొచ్చింది’ అన్నారు. రెండోవారు ‘ఏం జరిగిందో చెప్పకుండా మోసం చేశావు’ అని కోప్పడ్డారు. చివర్లో నిజం చెప్పెయ్యాలా? అసలు సంగతేమిటంటే, ఏం జరిగిందో నాకూ తెలీదు. తెలియకపోతేనే నలుగురికీ న్యాయం చేయగలననుకున్నాను. కోడలి అధ్యాయం జతచేస్తున్నాను. అందులో కొన్ని పొరపాట్లున్నాయి. దిద్దుకుంటాను, మన్నించండి. (ఒక పాఠకురాలు)

సమాధానం: కోడలి అధ్యాయం రెండుసార్లు చదివాను. మీకు రాయడం వచ్చు. అందుకే పైపైన మెచ్చుకుని వదిలెయ్యడం లేదు.

ఉత్తరం చివర మీరు చెప్పిన మాట దగ్గరే మొదలుపెడతాను. మిగతా ఇబ్బందులన్నీ అక్కణ్ణుంచే పుట్టాయి. ఏం జరిగిందో మీకు తెలియాలి. పాఠకుడికి చెప్పాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. ముందు మీకు మాత్రం ఆ రాత్రి నిమిషం నిమిషం తెలిసి ఉండాలి. అబద్ధం ఎప్పుడూ నిజాన్ని ఆనుకునే నిలబడుతుంది. మనిషి అవసరమైన చోటే నిజాన్ని వంచుతాడు, మిగతాదంతా ఉన్నదున్నట్టే వదిలేస్తాడు. ఎక్కడ వంచాడో చూస్తే ఎందుకు వంచాడో తెలుస్తుంది. ఈ రకం కథలో చదివేవాడికి దొరికే సంతోషమంతా అదే.

మీ ఉత్తరంలో పొంతన ఉండదని గర్వంగానే రాశారు. కోడలు మెట్ల దగ్గర దీపం ఆర్పి ఉందంటుంది. తన భర్త మాత్రం వెలుగుతోందని చెప్పాడని తనే చెబుతుంది. దీపం వెలిగితే అతనికేం లాభం, ఆరితే ఆవిడకేం లాభం అని ఆ అధ్యాయమంతా వెతికాను. దొరకలేదు. తేడా కోసం పెట్టిన తేడా అది. అలాంటివి నాలుగు పోగైతే పాఠకుడు పాత్రల్ని అనుమానించడం మానేసి మిమ్మల్ని అనుమానిస్తాడు. ఆ దీపం ఆర్పేసి పడుకోవడం కోడలి పని అనుకోండి. అప్పుడు ‘ఆరి ఉంది’ అని ఒప్పుకోవడానికి ఆవిడకి ఎంత ధైర్యం కావాలి! ‘వెలుగుతోంది’ అని భర్త అన్నాడంటే భార్యని కాపాడుతున్నాడా, లేక తను అటు వెళ్ళి చూశానని అనిపించుకోవాలనా? ఒక్క దీపంతో ఒక కాపురం కనిపిస్తుంది. నలుగురు చెప్పేదాంట్లో ఎక్కడ తేడా ఉన్నా, దానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూ ఉండాలి.

ఈ మాట చెప్పేటప్పుడు జపాన్ రచయిత ర్యూనొసుకె అకుతగావా 1922లో రాసిన ఒక చిన్న కథని తలుచుకోక తప్పదు. పేరు ‘యబు నో నకా’, అంటే ‘పొదల్లో’. ఒక సమురాయ్, అంటే కత్తి పట్టిన యోధుడి శవం దొరుకుతుంది. ఏడుగురు సాక్ష్యం చెబుతారు. మొదటి నలుగురూ శవాన్ని చూసినవాడు, దారిలో ఎదురైనవాడు, దొంగని పట్టుకున్నవాడు, అత్తగారు. తర్వాతి ముగ్గురు దొంగ, భార్య, చనిపోయిన సమురాయ్. అతని ఆత్మ ఒక పూనకం మనిషి నోటితో మాట్లాడుతుంది.

మామూలుగా హత్య కథలో ప్రతివాడూ ‘నేను కాదు’ అంటాడు. ఇక్కడ ముగ్గురూ ‘నేనే’ అంటారు. ఎదురెదురు పోరాడి ఇరవై మూడో వేటుకి చంపానంటాడు దొంగ. నా వైపు భర్త చూసిన అసహ్యపు చూపు భరించలేక నేనే పొడిచానంటుంది భార్య. నన్ను నేనే పొడుచుకున్నానంటాడు చనిపోయినవాడు. ముగ్గురిలో ఒక్కరూ శిక్ష తప్పించుకోవడానికి అబద్ధమాడటం లేదు. దొంగకి తను శూరుడు కాకుండా పోవడం, భార్యకి మానం పోయాక కూడా బతకాలనిపించడం, భర్తకి నిస్సహాయంగా కట్టుబడి పడి ఉండటం, వీటిని ఒప్పుకోవడం కంటే ప్రాణం తీశానని ఒప్పుకోవడం తేలికైంది. నేను చదివినంతలో సిగ్గు గురించి ఇంత లోతుకి వెళ్ళిన కథలు చాలా తక్కువ.

అంచేత మీ నలుగురినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్న ‘నువ్వేం దాస్తున్నావు?’ కాదు. ‘దేన్ని ఒప్పుకోవడం కంటే అమ్మని తోసేశానని ఒప్పుకోవడం నీకు తేలిక?’ అని అడగండి. కొడుకు ఆ రాత్రి అమ్మ పిలుపు విని, ఇంకో ఐదు నిమిషాలు పడుకుందామనుకున్నాడేమో. కూతురు చూడటానికొచ్చింది అమ్మని కాదేమో, ఇంకేదో అడగడానికేమో. ఇవి నేరాలు కావు, ఏ కోర్టూ వీటికి శిక్ష వెయ్యదు. అయినా మనిషి వీటినే దాస్తాడు.

ఆ కథలో ఇంకొకటి మీకు బాగా పనికొస్తుంది. శవాన్ని మొదట చూసిన కట్టెలు కొట్టేవాడు అక్కడ ఒక తాడు, ఒక దువ్వెన తప్ప ఏమీ లేవంటాడు. కత్తి లేదంటాడు. చివర్లో చనిపోయినవాడు చెబుతాడు, ప్రాణం పోతుండగా ఎవరో మెల్లగా వచ్చి తన గుండెలోంచి కత్తి లాగేశారని. ఎవరన్నది అకుతగావా చెప్పలేదు. దర్శకుడు అకిరా కురొసావా 1950లో ఈ కథని ‘రషోమన్’ సినిమాగా తీసినప్పుడు అదే సందుని పట్టుకున్నాడు. కట్టెలు కొట్టేవాడి చేత మళ్ళీ ఇంకో సాక్ష్యం చెప్పించాడు. అందులో ఇద్దరు మగవాళ్ళూ భయంతో వణుకుతూ, తడబడుతూ, పడుతూ లేస్తూ కొట్టుకుంటారు. హమ్మయ్య, ఇదే నిజం అనుకునేలోపు ఆ కత్తి కాజేసింది వీడేనని బయటపడుతుంది.

వస్తువులు అలా పనిచేస్తాయి. మీ కథకి ఒక మూడు వస్తువులు ఎంచుకోండి. పెద్దావిడ చేతికర్ర, సగం తాగిన నీళ్ళ గ్లాసు, గడియ పెట్టిన గది తలుపు అనుకుందాం. పొద్దున్నే అవి ఎక్కడ ఉన్నాయన్నదాంట్లో నలుగురికీ తేడా రాకూడదు. అవి అక్కడికెలా వచ్చాయన్నదాంట్లోనే తేడా రావాలి. కర్ర మంచం పక్కన ఉంటే ఆవిడ కర్ర లేకుండా మెట్ల దాకా ఎలా వచ్చింది? ప్రతివాడూ జవాబు చెప్పుకోవాలి. ఒకడు చెప్పకుండా దాటేస్తాడు, అప్పుడు పాఠకుడి చెవులు నిక్కబొడుచుకుంటాయి. నలుగురూ ఒప్పుకునే విషయాలు గట్టిగా ఉన్నప్పుడే వాళ్ళ తగువుకి బలం వస్తుంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఇలాంటి కథ అనగానే అందరూ గుడ్డివాళ్ళు, ఏనుగు సామెత చెబుతారు. మీ ఉత్తరంలో మీరు చేద్దామనుకున్నది అది కాదు. ఆ గుడ్డివాళ్ళు నిజాయితీపరులు. తొండం పట్టుకున్నవాడు తొండం గురించే చెప్పాడు. అందరి మాటలూ కలిపితే ఏనుగు తయారవుతుంది. అలాంటి కథలూ ఉన్నాయి, అవీ బాగుంటాయి. తలా ఒక ముక్క చెబుతారు, చివరికి బొమ్మ పూర్తవుతుంది. మీ నలుగురి మాటలూ కలిపితే మాత్రం ఏనుగు రాదు. ప్రతివాడికీ ఆ ఏనుగు ఒక రకంగా ఉండి తీరాల్సిన అవసరం ఉంది. మీ స్నేహితుడికి కోపం రావడానికి సగం కారణం ఇదే అనుకుంటున్నాను. మొదటి రెండు అధ్యాయాల్లోనే ఇది ఎలాంటి కథో అతనికి తెలిసి ఉంటే, చివర్లో పూర్తి బొమ్మ కోసం ఎదురుచూసేవాడు కాదు.

అలాగని నలుగురినీ అబద్ధాలకోర్లని చేసెయ్యకండి. మా నాన్నగారు పోయిన రోజు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆఖరి క్షణంలో ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. మా అన్నయ్య అప్పుడు గదిలో లేడు. అన్నయ్యకీ అంతే స్పష్టంగా గుర్తుంది: చెయ్యి అతని చేతిలో ఉంది, నేను గదిలో లేను. ఇద్దరం అబద్ధం చెప్పడం లేదు. ఇన్నేళ్ళొచ్చినా ఎవరం ఒక్క మెట్టు దిగలేదు. దిగితే ఏం పోతుందో ఇద్దరికీ తెలుసు.

దీని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని మీరు చదివితే మంచిది. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల జట్ల మధ్య ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొరటుగా సాగింది, ఆటగాళ్ళకి ఎముకలు విరిగాయి. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు ఆ మ్యాచ్ ఫిల్మునే రెండు చోట్లా విద్యార్థులకి చూపించి, తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకి కనిపించినవాటికి రెట్టింపు పైగా ప్రిన్స్‌టన్ విద్యార్థులకి కనిపించాయి. 1954లో ఆ వ్యాసం అచ్చయింది. ఫిల్ము ఒకటే. జ్ఞాపకం చెడిపోయేంత కాలం కూడా గడవలేదు. చూస్తున్నప్పుడే వేరువేరుగా చూశారు.

1974లో లాఫ్టస్, పామర్ అనే మరో ఇద్దరు చేసిన ప్రయోగం రచయితకి ఇంకా దగ్గరిది. 150 మందికి కార్ల ప్రమాదం ఫిల్ము చూపించారు. 50 మందిని ‘కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి’ అని అడిగారు. ఇంకో 50 మందిని అదే ప్రశ్న ‘తగిలినప్పుడు’ అన్నంత మెత్తని మాటతో అడిగారు. మిగతా 50 మందిని వేగం గురించి అసలు అడగలేదు. వారం తర్వాత అందరినీ పిలిచి పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మెత్తని మాట విన్నవాళ్ళలో ఏడుగురు, ఏమీ అడగనివాళ్ళలో ఆరుగురు చూశామన్నారు. ఒక్క క్రియాపదం మారితే లేని గాజుపెంకులు కంటికి కనిపించాయి.

మీ మొదటి స్నేహితుడి ఫిర్యాదుకి మందు ఇక్కడే ఉంది. నలుగురిదీ ఒకే గొంతు అన్నారు కదా. గొంతు మార్చడమంటే ఒకరికి యాస పెట్టి, ఇంకొకరికి ఊతపదం తగిలించడం కాదు. మన భాషలో తప్పించుకోవడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. ‘తలుపు వేశాను’ అంటే వేసిన మనిషి ఉంది. ‘తలుపు వేసి ఉంది’ అంటే మనిషి మాయం. ‘గ్లాసు పగిలింది’, ‘గ్లాసు పగలగొట్టాను’. ‘పడింది’, ‘పడేశారు’, ‘పడనిచ్చారు’. ఇంట్లో పెత్తనం చేసే మీ కొడుకు పాత్ర ‘అమ్మ కింద పడటం జరిగింది’ అంటాడనుకోండి. తల్లి చావు గురించి ఆఫీసు కాగితంలా మాట్లాడుతున్నాడు. ఇక అతని గురించి మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

‘మేము’, ‘మనం’ అన్న తేడా మన భాషకి దొరికిన వరం. కూతురు తన అన్నతో ఆ రాత్రి గురించి మాట్లాడేటప్పుడు ‘మనం’ అంటుంది, వదినతో మాట్లాడేటప్పుడు ‘మేము’ అంటుంది. వదిన ఆ ఇంటి మనిషి కాదని ఆ ఒక్క మాట చెప్పేసింది. కోడలు సర్దుకుని మాట్లాడినంతసేపూ ‘అత్తయ్య’ అంటుంది, పట్టు తప్పినప్పుడు ‘వాళ్ళమ్మ’ అంటుంది. మీరు పంపిన అధ్యాయంలో మొదటి నుంచి చివరిదాకా ‘అత్తయ్య’ అనే ఉంది. ఎక్కడో ఒక్కచోట జారనివ్వండి. ఆయా ‘పెద్దమ్మగారు పడ్డారంట’ అంటే తను చూడలేదన్నమాట. ఓ పది పేజీల తర్వాత ‘పడ్డారు’ అంటే? ఒక్క ‘అంట’ రాలిపోయింది, కథ తిరగబడింది. ఒక అధ్యాయం మొత్తం తీసుకుని క్రియాపదాల కింద గీతలు గీసి చూడండి. ఏ పనికి చేసినవాళ్ళు కనిపిస్తున్నారు, ఏ పని దానంతటదే జరిగిపోతోంది? ఆ పట్టిక చూస్తే ఆ మనిషి ఎవరో మీకే తెలుస్తుంది.

ఇంకొకటి. ఎవరు ఎవరితో చెబుతున్నారు? అకుతగావా కథలో దొంగ అధికారి ముందు మాట్లాడతాడు, అందుకే అంత బడాయి. భార్య గుడిలో పాపం చెప్పుకుంటుంది. చనిపోయినవాడు చీకటిలోంచి మాట్లాడతాడు. అధికారి అడిగే ప్రశ్నలు మనకి వినిపించవు, జవాబుల్ని బట్టి ఊహించుకుంటాం. మీ నలుగురూ గాలిలోకి మాట్లాడుతున్నారు. వినేవాళ్ళని పెట్టండి. కొడుకు విచారణకొచ్చిన పోలీసుతో, కూతురు భర్తతో ఫోన్లో, కోడలు పుట్టింట్లో తల్లితో. వినే మనిషి మారితే గొంతు దానంతటదే మారుతుంది.

మూడోసారికి విసుగు వచ్చిందన్నారు. రాక ఏం చేస్తుంది, నాలుగుసార్లూ భోజనం దగ్గర మొదలై శవం దగ్గర ఆగుతుంటే? ఒకరి కథ పదేళ్ళ ముందు మొదలవ్వాలి, ఇంకొకరిది మర్నాడు పొద్దున. ఒకరు మెట్ల సంగతే ఎత్తకుండా ముగించవచ్చు. ప్రతి అధ్యాయం పూర్తయ్యేసరికి అంతకుముందు పాఠకుడు నమ్మిన ఒక విషయమైనా కూలిపోవాలి. కూలకపోతే ఆ అధ్యాయం అక్కర్లేదు, ఎంత అందంగా రాసినా తీసెయ్యాలి. మొదట మాట్లాడినవాళ్ళని పాఠకుడు నమ్ముతాడు కాబట్టి, నలుగురిలో అందరికీ నచ్చే మనిషిని ముందు పెట్టండి.

ఆయాని మీరు చివర పెట్టారు. ఎందుకు పెట్టారో తెలుసు. ఆ ఇంటితో రక్తసంబంధం లేదు, ఆస్తిలో వాటా లేదు, కాబట్టి ఆవిడ ఉన్నదున్నట్టు చెబుతుందని. దీనికి మాత్రం గట్టిగా అడ్డం చెబుతున్నాను. పనిచేసే మనిషిని కల్లాకపటం తెలియని సాక్షిగా నిలబెట్టడం గౌరవంలా కనిపిస్తుంది గానీ కాదు. మిగతా ముగ్గురికీ లోపలొక మనసు ఉందని రాసి, ఆవిడకి లేదని రాయడం అది. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఆవిడే. నింద మొదట పడేది ఆవిడ మీదే. ఉద్యోగం పోతుంది, ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. ఆ రాత్రి ఆవిడ మేలుకుని ఉండాల్సిన రాత్రి. ఆవిడ సిగ్గు ఏమిటో వెతకండి. కురొసావా కట్టెలు కొట్టేవాడి విషయంలో చేసింది అదే. తనకేం పట్టనట్టు కనిపించిన సాక్షికీ ఒక అవసరాన్ని ఇచ్చాడు.

ఇక మీరడిగిన ప్రశ్న. చివర్లో నిజం చెప్పాలా? వద్దు. ఐదో అధ్యాయంలో అన్నీ తెలిసిన రచయిత వచ్చి చెప్పేస్తే, నాలుగు అధ్యాయాలూ వెనక్కి తిరిగి తప్పుడు జవాబులైపోతాయి. కానీ మీ స్నేహితుడి కోపం న్యాయమైనది. అతన్ని పాత్రలు మోసం చేసి ఉంటే సంతోషించేవాడు. మీరు మోసం చేశారు. నమ్మలేని కథకుడు అన్న మాటని 1961లో వాడుకలోకి తెచ్చిన విమర్శకుడు వేన్ బూత్ చూపించింది ఈ తేడానే: చెప్పే పాత్రకీ, వెనకున్న రచయితకీ మధ్య దూరం ఉండాలి, ఆ దూరం పాఠకుడికి అందాలి. పాత్ర దాస్తున్నప్పుడు మీరు పాఠకుడి వైపు నిలబడాలి. పాత్ర కళ్ళు తిప్పుకున్నా కర్ర ఎక్కడుందో పాఠకుడికి కనబడాలి. పుస్తకం మూసేటప్పటికి ‘ఇలా జరిగి ఉంటుంది’ అని అతను గట్టిగా అనుకోగలగాలి, పక్కవాడితో వాదించగలగాలి.

‘ఎవరి నిజం వాళ్ళది’ అన్న చోటికి మాత్రం వెళ్ళకండి. ఆ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. కానీ ఆ మెట్ల మీద ఒకావిడ పడింది. ఎవరో ఒకరు ఆ చప్పుడు విన్నారు, లేదా ఎవరూ వినలేదు. ఆవిడకి ఆ రాత్రి ఒక్కటే. నలుగురికీ న్యాయం చెయ్యాలన్నారు మీరు. ఐదో మనిషికి కూడా చెయ్యాలి కదా, మాట్లాడే అవకాశం లేని మనిషికి.

కాబట్టి ఈ వారం నవలిక ముట్టుకోవద్దు. ఒక కాగితం మీద ఆ రాత్రి జరిగింది జరిగినట్టు, విశేషణాలు లేకుండా రాయండి. ఎన్ని గంటలకి ఎవరు ఎక్కడున్నారు, దీపం ఎవరు ఆర్పారు, గ్లాసులో నీళ్ళు ఎవరు పోశారు. ఆ కాగితం ఎవరికీ చూపించకండి. దాని కింద నలుగురి పేర్లూ రాసి, ప్రతి పేరు పక్కనా ఆ మనిషి చచ్చినా నోటితో అనని వాక్యం ఒకటి రాయండి. ఆ వాక్యం అధ్యాయంలో ఎక్కడా రాకూడదు, అధ్యాయమంతా దాని చుట్టూనే తిరగాలి. మళ్ళీ రాయడం ఆయాతో మొదలుపెట్టండి.

కోడలి అధ్యాయంలో పొరపాట్లున్నాయి, దిద్దుకుంటానన్నారు. మూడో పేజీలో ఆవిడ ‘అత్తయ్య పిలిచినట్టనిపించి లేచి కూర్చున్నాను’ అంటుంది. తొమ్మిదో పేజీలో ‘ఆ రాత్రి ఎవరూ ఎవర్నీ పిలవలేదు’ అంటుంది. ఎవరూ అడక్కుండానే అంటుంది. నాకు ఆ అధ్యాయంలో ఒళ్ళు జలదరించిన చోటు అదొక్కటే. ఆ రెండు వాక్యాల్లో దేన్నీ దిద్దకండి.